రెండో చెయ్యి

నల్లాల దగ్గర కేకలు వినపడగానే గ్లోరీ సుద్దముక్క చేతిలో ఉండగానే పరుగెత్తింది. పిల్లలు గుండ్రంగా మూగి ఉన్నారు. నడుమ ఐలేష్, తన క్లాసువాడే అయిన ఆరోన్‌ను జుట్టు పట్టుకుని నల్లాల కింది సిమెంటు గట్టుకేసి కొడుతున్నాడు. కొబ్బరికాయ ఒక దెబ్బకు పగలకపోతే మళ్లీ మళ్లీ కొడతారే, అలా. ఆరోన్ ముక్కులోంచి, నోట్లోంచి కారిన రక్తం నల్లానీళ్లలో కలిసి గులాబీ రంగులో కాలువలోకి పోతోంది. చూసే పిల్లలు అరవడం కూడా మానేశారు.

గ్లోరీ ఐలేష్‌ను వెనకనుంచి పట్టుకుంది. వాడు ఎవరని చూడకుండా మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది ఆమె డొక్కలో తగిలి ఊపిరాడలేదు. అయినా వదల్లేదు. వాడి చొక్కా చిరిగింది, ఆమె చీర కుచ్చెళ్లు ఊడాయి. ఇద్దరూ బురదలో పడ్డాక గాని వాడికి వెనక ఉన్నది టీచరని తెలియలేదు.

"ఆడు మా అవ్వను ఎంగిలి ముసల్ది అన్నడు టీచర్," అన్నాడు, ఇంకా రొప్పుతూ.

ఐలేష్ నాయనమ్మ రాములవ్వ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గిన్నెలు తోముతుంది. మిగిలిన అన్నం, సాంబారు క్యానులో పోసుకుని ఇంటికి తెస్తుంది. వాడికి తల్లీ తండ్రీ లేరు, ఆ క్యానే వాడి రాత్రి భోజనం.

మర్నాడు హెడ్మాస్టరు ఉమాపతి రాములవ్వను పిలిపించాడు. ఆమె గదిలోకి అడుగు పెట్టీ పెట్టకముందే కాలి చెప్పు తీసి మనవడి నెత్తిన, వీపున, మొహాన కొట్టడం మొదలుపెట్టింది. పిలిపించిన పెద్దవాళ్లంతా అదే పని చేస్తారు. సార్ల ముందు కొడితేనే తాము పెంచినట్టు లెక్క. ఉమాపతి అడ్డం చెప్పలేదు, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

"నేను మస్తు కొడ్త సారూ. మీరు గూడ కొట్టుండ్రి. కండ్లు ఒక్కటి ఉంచి ఏడన్న కొట్టుండ్రి, నేను ఏమన," అంది రాములవ్వ ఆయాసపడుతూ.

"కొట్టే రోజులు కావమ్మా ఇవి. టీసీ ఇచ్చి పంపించేస్తాను. ఆ పిల్లాడి ముక్కు ఎముక విరిగింది, పోలీసు కేసు కాలేదు, సంతోషించు."

"నాలుగు నెలల్లో పబ్లిక్ పరీక్షలండీ. ఇప్పుడు టీసీ ఇస్తే వీడు మళ్లీ బడి మొహం చూడడు," అంది గ్లోరీ.

"మీరు పూచీ పడతారా, గ్లోరీ మేడమ్? ఇంకొక్కసారి చెయ్యెత్తితే నేను మిమ్మల్ని అడగను, వాణ్ణీ అడగను. సంతకం పెట్టి చేతికిచ్చేస్తాను."

"పడతాను."

బయటికి తీసుకొచ్చి, వేపచెట్టు కింద నిలబెట్టి, ఐలేష్‌తో చెప్పింది. "ఈ గేటు లోపల నిన్ను ఎవరూ కొట్టరు. నువ్వూ ఎవర్నీ కొట్టవు. పరీక్షలయ్యేదాకా. ఒప్పుకుంటావా?"

వాడి చెంప మీద చెప్పు అంచు గీత ఎర్రగా తేలి ఉంది.

"మీరు గూడ కొట్టరా?"

"నేనూ కొట్టను."

"సార్లు?"

"సార్లు కూడా."

"ఎవ్వలు గూడ?"

"ఎవ్వరూ కొట్టరు. నేను చెప్తున్నా కదా."

వాడు తల ఊపాడు. నమ్మినట్టు లేదు, కాని మాట ఇచ్చిపుచ్చుకోవడం వాడికి కొత్త. అందుకే కాబోలు ఒప్పుకున్నాడు.

*

ఆ బడి యూనివర్సిటీ ప్రహరీకి ఆనుకుని తార్నాక వైపు మొహం పెట్టి ఉంటుంది. కట్టినప్పుడు యూనివర్సిటీలో పనిచేసేవాళ్ల పిల్లల కోసమే కట్టారు. ప్రొఫెసర్ల పిల్లలూ బంట్రోతుల పిల్లలూ ఒకే బెంచీ మీద చదువుకున్నారని పాతవాళ్లు గొప్పగా చెప్తారు. ఆ బెంచీ మీద దెబ్బలు ఏ చివర పడేవో మాత్రం చెప్పరు. మొదటి హెడ్మాస్టరు ఎండలో కంకర మీద మోకాళ్లు వేయించేవాడు. తరవాత వచ్చినాయన కాళ్లు వణికి పడిపోయేదాకా గోడకుర్చీ వేయించేవాడు. ఆ తరవాత పాతికేళ్లపాటు డ్రిల్లు మాస్టారు జాన్సన్‌గారి బెత్తం నడిచింది.

ప్రొఫెసర్ల పిల్లలు ఒక్కొక్కరే ప్రైవేటు బళ్లకు వెళ్లిపోయారు. మెస్సుల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలు మిగిలారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో టియర్ గ్యాసు కిటికీల్లోంచి క్లాసుల్లోకి వచ్చేది. పిల్లలు కళ్లు తుడుచుకుంటూనే ఖాళీ గుండ్లు ఏరి సంచుల్లో దాచుకునేవాళ్లు, రాళ్లు ఎంత దూరం విసరొచ్చో పందెం వేసుకునేవాళ్లు. తరవాత పిల్లల్ని కొట్టకూడదన్నారు. బెత్తం పోయింది. దెబ్బలు మాత్రం పెద్ద క్లాసుల చేతుల్లోకి వెళ్లాయి. కింది క్లాసు వాళ్ల తొడల్లో డివైడర్లు దిగాయి. బెల్టు బకిల్ తగిలి ఒక పిల్లవాడి కనుబొమ చీరుకుపోయింది. బాత్రూముల తలుపులు విరిగాయి. ఒక లెక్కల సారు స్కూటరు సీటుకు ఎవరో నిప్పు పెట్టారు.

ఇలాంటిది ఏది జరిగినా స్టాఫ్ రూములో ఒకటే మాట. "జాన్సన్ సార్ ఉంటేనా..." ఆ మాట అనేవాళ్లు గ్లోరీ వంక చూస్తూ అనేవాళ్లు. జాన్సన్‌గారు ఆమె తండ్రి.

ఆయన రేపల్లె దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో స్థిరపడ్డాడు. బెత్తం ఇంట్లో బీరువా మీద ఉండేది. శనివారం సాయంత్రం గుడ్డపేలికతో దానికి కొబ్బరినూనె రాసేవాడు. గ్లోరీ చిన్నప్పుడు ఆ నూనె వాసన వస్తే తలకు రాసుకోవడానికి కూడా భయపడేది. ఆయన తిట్టడం ఆమె ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఆమెనైనా, బడిలో పిల్లల్నైనా కుడిచేతి మీద కొట్టేవాడు, నెమ్మదిగా "రెండో చెయ్యి" అనేవాడు. రెండోది తనంతట తనే చాపాలి. చాపకపోతే మళ్లీ మొదటినుంచి. గ్లోరీ టీచరై ఇన్నేళ్లయినా ఏ పిల్లవాడి మీదా చెయ్యి చేసుకోలేదు. తోటి టీచర్లు అది ఆమె చేతకానితనం అనుకున్నారు. ఒక్కొక్కప్పుడు, నలభైమంది పిల్లల అరుపుల మధ్య నిలబడి, ఆమె కూడా అలాగే అనుకునేది.

ఇప్పుడు జాన్సన్‌గారికి మరుపు వచ్చింది. ఉన్నట్టుండి విజిల్ ఏదని వెతుకుతాడు. బాల్కనీలో నిలబడి, బస్‌స్టాపులో పిల్లలు అడ్డదిడ్డంగా ఉన్నారని కోప్పడతాడు. అల్లుణ్ణి ఒకసారి అల్లుడంటాడు, ఒకసారి బడి బంట్రోతు అనుకుని గంట కొట్టమంటాడు.

*

ఐలేష్ మాట నిలబెట్టుకున్నాడు. ఎలా నిలబెట్టుకుంటున్నాడో గ్లోరీకి కొన్నాళ్లకు తెలిసింది. ఎవరైనా కవ్విస్తే వాడు ఉన్నచోటే కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు.

"ఏందిరా, గుడ్లు పొదుగుతున్నవా?" అని ఆరోన్ స్నేహితులు ఎగతాళి చేసేవాళ్లు. "గ్లోరీ టీచర్ కోడిపెట్ట" అని పేరు పెట్టారు. వాడు కదిలేవాడు కాదు.

జనవరిలో ఒకరోజు వాడు కింది పెదవి చీలి, ఒక కన్ను మూసుకుపోయి క్లాసుకు వచ్చాడు. క్యాంపస్ వెనక బండల దారిలో ఆరోన్ స్నేహితులు నలుగురు కాపు కాసి కొట్టారు. వాళ్లకు కావలసింది వాడు తిరగబడటమే. తిరగబడితే టీసీ వస్తుందని బడంతటికీ తెలుసు.

"అది గేటు బయట కదరా. నీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు..." అంది గ్లోరీ దూదితో రక్తం అద్దుతూ.

"చెయ్యి లేస్తె నాకు ఆగదు టీచర్. మీకు తెల్వది. అందుకే లేవనియ్య," అన్నాడు వాడు. తరవాత, "మీరు గూడ మాట తప్పకుండ్రి," అన్నాడు.

*

ఫిబ్రవరిలో ఏటేటా పాత విద్యార్థులు కలుస్తారు. ఆ కలయికకు ఒక ఆచారం ఉంది. బట్టతలలు, బొజ్జలు వచ్చిన మగవాళ్లంతా పిల్లల్లా వరసలో నిలబడి జాన్సన్ సార్ ముందు చెయ్యి చాపుతారు. ఆయన బెత్తంతో ఒక్కొక్కరికీ ఒకటి తాకిస్తాడు. వాళ్లు కావాలని "అబ్బా సార్" అని అరిచి, కాళ్లకు దండం పెట్టి, ఫొటో దిగి, బిర్యానీకి పోతారు. ఆ వీడియోలు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదంతా తిరుగుతాయి.

ఈసారి ఆ సంఘం పెద్ద రాంచందర్ ఇంటికే వచ్చాడు. నాచారంలో ఫ్లాట్లు కట్టి అమ్ముతాడు.

"సార్ లేకుంటె మేం లేం మేడం. గా దెబ్బలే మమ్ముల మనుషుల్ని జేసినయి. సార్‌ను తీస్కరావాలె. బడికి కెమెరాలు గూడ నేనే పెట్టిస్త."

ఆయన వెళ్లాక గ్లోరీ భర్తతో అంది. "వద్దేమోనండీ. ఆయనకు ఏది ఎప్పుడో తెలియడం లేదు."

రత్నకుమార్ మెట్టుగూడ రైల్వే ఆఫీసులో గుమాస్తా. మామగారి బట్టలు మార్చేదీ అతనే, స్నానం చేయించేదీ అతనే. "సంవత్సరానికి ఒక్కరోజు ఆ మనిషి నవ్వుతాడు, గ్లోరీ. అది కూడా ఎందుకు తీసేస్తావు?" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. భర్త మాట కాదనలేక కొంత. అంతమంది తండ్రి కాళ్లకు మొక్కుతుంటే చూడటం ఆమెకూ ఇష్టమే, అందుకు కొంత.

*

బడి మైదానంలో షామియానా వేసి, వేదిక కట్టారు. పదో తరగతి పిల్లలు కూడా చూడాలని ఉమాపతి వాళ్లను యూనిఫారంలో ముందు కూర్చోబెట్టాడు. "గురువంటే ఎలా ఉంటాడో, భయం అంటే ఏమిటో చూసి నేర్చుకుంటారు," అని మైకులో చెప్పాడు.

వరస మొదలైంది. జాన్సన్‌గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డాడు. బెత్తం చేతికి రాగానే వీపు నిటారుగా అయింది. ఒక్కొక్కరి అరచేతికీ మెల్లగా తాకిస్తూ పేరు అడిగాడు, నవ్వాడు. ఒకాయన రెండు చేతులూ చాపి, "సార్, నాకు డబల్ ఉండె," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. గ్లోరీ మనసు కుదుటపడింది.

అప్పుడు రాంచందర్ మైకు తీసుకున్నాడు. "సార్, ఇప్పటి హీరోకు గూడ ఒకటి వడాలె. ముక్కులు వగలగొడ్తడంట. మీ బిడ్డె గారాబం జేస్తున్నది."

ఉమాపతి నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఇద్దరు పాత విద్యార్థులు ఐలేష్‌ను రెక్క పట్టుకుని లేపారు. వాడు వాళ్లను చూడలేదు. మంచినీళ్ల క్యాన్ల దగ్గర నిలబడ్డ గ్లోరీని చూశాడు. పోవాలా అని కళ్లతోనే అడిగాడు.

ఇది ఆట. ఇప్పటిదాకా చూసింది ఆటే. కాదంటే ఇంతమందిలో తండ్రికి చిన్నతనం. గ్లోరీ తల ఊపింది.

వాడు వెళ్లి చెయ్యి చాపాడు. జాన్సన్‌గారు వాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు. చిరిగిన కాలరు, మాసిన నీలం ప్యాంటు, పైబొత్తాం లేని చొక్కా. ఇంతసేపూ ముందుకు వచ్చినవాళ్లు పెద్దమనుషులు. ఇప్పుడు వచ్చింది యూనిఫారం. ఆయన మొహంలో నవ్వు పోయింది. గ్లోరీకి ఆ మొహం తెలుసు.

మొదటి దెబ్బ చప్పుడు మైకులో వినపడింది. జనం ఈలలు వేశారు.

"రెండో చెయ్యి," అన్నాడు ఆయన నెమ్మదిగా.

ఐలేష్ రెండో చెయ్యి చాపాడు. బెత్తం వేళ్ల కణుపుల మీద పడింది. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. అరచేయి తెల్లబడి, ఎర్రబడి, చిట్లింది. ఫోన్లు పైకి లేచాయి. "గట్లుండాలె," అని ఎవరో అరిచారు. ఐలేష్ చేతులు వెనక్కి తీసుకోలేదు. తీస్తే అవి ఎటు పోతాయో వాడికి తెలుసు. వాడు ఏడవకుండా చూస్తూ నిలబడటం ముసలాయనకు ఇంకా కోపం తెప్పించింది. బెత్తం భుజం మీద పడింది, మెడ మీద, చెవి మీద పడింది. చెవి తమ్మె చీలి రక్తం చొక్కా కాలరులోకి దిగింది. ఎనభైకి దగ్గరపడిన ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి, కాని ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

గ్లోరీ కుర్చీలు తోసుకుంటూ వచ్చింది. "నాన్నగారూ, ఆపండి." ఆయన వినలేదు. మధ్యలోకి వెళ్లింది. బెత్తం ఆమె చెంప మీద పడి కంటి కిందినుంచి దవడ దాకా చర్మం లేచింది. ఆయన కూతుర్ని గుర్తు పట్టలేదు, లేదా గుర్తు పట్టాడేమో, "చెయ్యి చాపు," అన్నాడు.

ఆమె బెత్తం పట్టుకుని లాగింది. నూనె జిడ్డుకు జారింది. మళ్లీ లాగింది. అది తన చేతికి వచ్చింది. ఆయన దాని కోసం కుడిచెయ్యి ముందుకు చాచాడు. ఆ చేతి మీద గ్లోరీ కొట్టింది. ఒక దెబ్బతో ఆగలేదు. ఎన్నేళ్లనాటి బలమో భుజంలోంచి దిగింది. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. జాన్సన్‌గారు వెనక్కి తూలి, వేదిక మెట్టు తగిలి, రాళ్ల మీద పడ్డాడు.

"కన్నతండ్రిని కొడ్తవా నువ్వు? టీచర్‌వా, రాక్షసివా?" రాంచందర్ ఆమె జబ్బ పట్టి పక్కకు విసిరాడు. ఆమె మోకాళ్ల మీద పడింది.

అది చూసి పదో తరగతి లేచింది. మొదటి కుర్చీ విసిరింది ఆరోన్. ముక్కుమీద మచ్చ ఇంకా చెరగని ఆరోన్. తరవాత ఎవరు ఏది విసిరారో తెలియలేదు. ప్లాస్టిక్ కుర్చీలు గాలిలో లేచాయి, మైకు స్టాండు రాంచందర్ నెత్తిన పడింది, బిర్యానీ డేగిసా దొర్లి వేడి అన్నం కాళ్ల మీద పడి ఎవరో కేకలు పెట్టారు. పాత విద్యార్థులు బెల్టులు తీశారు. ఆ బెల్టులు ఎలా పట్టుకోవాలో వాళ్లకూ బాగానే గుర్తుంది. షామియానా గుంజ విరిగి గుడ్డ సగం కూలింది.

ఆ గుడ్డ కింద, అంత కొట్లాట నడుమ, ఐలేష్ నేల మీద కూర్చుని ఉన్నాడు. రక్తం కారే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని.

*

హాస్పిటల్లో ఉమాపతి ఆమెను వరండా మూలకు పిలిచాడు. ఆయన చొక్కా మీద బిర్యానీ మరకలు. "డాక్టరు అడిగితే మాస్టారు జారిపడ్డారని చెప్పండి. నేనూ అదే చెప్తాను. గొడవ మొదలుపెట్టింది ఐలేష్ అని రాసి, టీసీ ఇచ్చి, ముగించేద్దాం. మీ ఉద్యోగం నిలుస్తుంది. మీ నాన్నగారి పరువూ నిలుస్తుంది."

"వాడు కూర్చుని ఉన్నాడండీ. అందరి ఫోన్లలోనూ ఉంది."

"ఆ ఫోన్లలో మీరూ ఉన్నారు, మేడమ్."

"ఉన్నాను."

డ్యూటీ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఎలా జరిగిందని అడిగింది. రత్నకుమార్ తల దించుకున్నాడు. గ్లోరీ చెప్పింది. "నేను కొట్టాను. ఆయన మా నాన్న. ఒక పిల్లవాణ్ణి కొడుతుంటే కొట్టాను." డాక్టరు పెన్ను ఆపి ఆమె చెంప వంక చూసి, మళ్లీ రాసుకుంది.

బయటికి వచ్చి ఉమాపతితో అంది. "నా మీద ఏం రాయాలో రాయండి. సస్పెన్షన్ వస్తే రానివ్వండి. మీరు నాతో అన్నది, వాడు ఇంకొక్కసారి చెయ్యెత్తితే అని. వాడు ఎత్తలేదు. పరీక్ష రాస్తాడు." రాములవ్వ వింటున్నదని చూసి ఉమాపతి ఫోను తీసి పక్కకు వెళ్లిపోయాడు.

రాములవ్వ గోడ వార కూర్చుని ఉంది. పక్కన ఐలేష్, రెండు చేతులకూ కట్లు, చెవికి కుట్లు.

"కొట్టకుంటె బాగువడరని నేను గూడ అనుకున్న బిడ్డా. ఇయ్యాల చూడలేకవోయిన," అంది ముసలమ్మ. ఆమె చెప్పులు దూరంగా గుమ్మం దగ్గర విడిచి ఉన్నాయి.

ఐలేష్ తల ఎత్తాడు. "నేను కొట్టలే టీచర్."

"చూశాను."

"మీరు కొట్టినరు."

"కొట్టాను. నిన్ను పొమ్మని తల ఊపింది కూడా నేనే. మాట నేనే తప్పాను, ఐలేష్."

వాడు కట్ల వంక చూసుకున్నాడు. "పరీక్షల దాంక పెన్ను వట్టొస్తదా?" అని అడిగాడు.

"వస్తుంది. నేను పక్కన కూర్చుని రాయిస్తాను, బడిలో కాకపోతే మీ ఇంట్లో."

సాయంత్రానికి జాన్సన్‌గారి చేతికి పిండికట్టు వేసి మంచం మీద పడుకోబెట్టారు. రత్నకుమార్ మాట్లాడకుండా ఫ్లాస్కు తీసుకుని టీ కోసం వెళ్లాడు. అతను ఎప్పుడు మాట్లాడతాడో గ్లోరీకి తెలియదు. తండ్రి కళ్లు తెరిచాడు. తెల్లగా బరువుగా ఉన్న చేతిని చూసుకున్నాడు, కూతురి చెంప మీది గీతను చూశాడు.

"ఎవరు కొట్టారు?" అన్నాడు.

"నేనే, నాన్నగారూ."

ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయింది. మనసులో ఏ ఊళ్లో, ఎవరి ముందు నిలబడ్డాడో. తరవాత దుప్పటిలోంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికి తీసి, అరచెయ్యి పైకి తిప్పి, ఆమె ముందు చాపాడు.

చాపి, ఎదురుచూస్తున్నాడు.

గ్లోరీ ఆ చెయ్యి అందుకుంది. వేళ్లు ఒక్కొక్కటే మడిచి, దుప్పటి కింద పెట్టి, దానిమీద తన చెయ్యి వేసి కూర్చుంది.